పిట్టల మీద వేసిన నింద

ఈ నాలుగు ముక్కలూ రాయడానికి కూర్చునే నాటికి నేను మళ్ళీ బడికి వెళ్తున్నాను. మెట్లెక్కితే కొంచెం ఆయాసం ఉంది. మాత్రలు బాగా తగ్గాయి. డాక్టరుగారు "బయటపడ్డట్టే" అన్నారు. ఆ మాట చివరనున్న "ట్టే" మీద నాకు ఇప్పటికీ అనుమానమే. దాదాపు ఏడాదిపాటు ప్రతి మాటనీ, ప్రతి మనిషినీ అనుమానంగా చూసినదాన్ని. జ్వరం పోయినంత సులువుగా ఆ అలవాటు పోదు.

రాయమని నన్నెవరూ అడగలేదు. కొంత నాకోసం రాసుకుంటున్నాను, ఇదంతా ఒక వరసలో పెట్టి చూసుకుంటే మనసు కుదుటపడుతుందేమోనని. కొంత, కారణం తెలియని దగ్గుతో ఏదో ఆస్పత్రి బల్ల మీద కూర్చున్నవాళ్ళ కోసం. మీ రోగానికి కారణం ఇదీ అని చుట్టూ ఉన్నవాళ్ళు ఏవేవో పేర్లు చెబుతారు. అందులో మీకు బాగా ఇష్టమైనది ఒకటి ఉంటే, వెంటనే ఒప్పేసుకోకండి.

మాది నరసన్నపేట శివారు. హైస్కూల్లో తెలుగు చెబుతాను. మా ఆయన సూర్యం నాకు మేనత్త కొడుకు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా బావ అనే పిలుస్తాను. మెయిన్ రోడ్డు మీద మోటార్లకు వైండింగ్ చేసే షాపు ఆయనది. పెరడు మాకూ మా మరిది లక్ష్మున్నాయుడికీ ఉమ్మడి. ఇటువైపు మా వంటగది, జామచెట్టు, బొప్పాయిలు, బోరింగు. అటువైపు వాళ్ళ ఆవులు, ఆవుల మేతకి గడ్డి దాచుకునే సాల. వ్యవసాయం మరిదిది. ఆవుల పనీ పాలపనీ తోటికోడలు పార్వతిది.

మా బడి డ్రాయింగు మాస్టారు రిటైరై వెళ్తూ తన పాత కెమెరా నాకిచ్చారు. "అమ్మా, నా చేతులు వణుకుతున్నాయి, మీరైనా వాడండి" అన్నారు. మొదట మందారం పువ్వులు తీశాను. ఒకనాడు పువ్వు తీస్తుంటే దాని మీద తేనెపిట్ట వచ్చి వాలింది. ఇక పువ్వులు వదిలేశాను.

పిట్టల్ని పిలవడానికి పెద్ద హంగామా అక్కర్లేదు. జామకొమ్మకి వరికంకుల కుచ్చు వేలాడదీశాను. వెడల్పాటి మట్టి మూకుట్లో నీళ్ళు పోసి, దాని పైన చిల్లు కుండ కట్టాను. చుక్క చుక్క పడే చప్పుడుకి అవే వచ్చేవి. పండిన బొప్పాయిని చెట్టునే వదిలేసేదాన్ని. పికిలిపిట్టలు, గోరింకలు, గువ్వలు, జెముడుకాకి. ఒక ఎండాకాలం పసుపు ముద్దలాంటి వంగపండు పిట్టలు జంటగా వచ్చాయి.

కానీ పిట్టంత అనుమానపు ప్రాణి ఇంకోటి లేదు. కుర్చీ జరిపితే రాదు. కొత్త చీర కట్టుకుంటే రాదు. నేను వాటికి కనబడకుండా కూర్చునే చోటు పెరట్లో ఒక్కటే ఉంది, మరిది గడ్డి సాల. దాని గుమ్మానికి పాత గోనెపట్టా వేలాడదీసి, అందులో కెమెరా మూతి పట్టేంత బెజ్జం చేసుకున్నాను. లోపల గడ్డి మీద చతికిలబడి కూర్చుంటే నీళ్ళ మూకుడు ఎదురుగా ఉండేది. పొద్దున్న బడికి వెళ్ళే ముందు అక్కడే నా పూజ, నా కాఫీ.

అక్టోబరు నెలాఖరు

తుపాను వానలు వారమంతా కురిశాయి. బయట కుప్పగా ఉన్న గడ్డి తడిసిపోతోందని మరిది దాన్నంతా సాల లోపలికి ఎక్కించాడు. వాన వెలిసిన మర్నాడు పొద్దున్న జామచెట్టు కింద రాలిన ఆకుల్లో ఒక కొత్త పిట్ట గెంతుతూ కనబడింది. పొట్టితోక, ఆకుపచ్చ వీపు, రెక్క మీద నీలం, తోక కింద ఎరుపు. పొన్నంగి పిట్ట అంటారని తరవాత తెలిసింది. చలికాలం ముందు దక్షిణానికి పోతూ దారిలో దిగిందట. నేను కెమెరా సర్దుకునేలోపు ఆకుల వెనక్కి పోయింది.

దాని కోసం రోజూ చీకటితోనే లేచి సాలలో కూర్చున్నాను. దొరికింది ఒక్కటే ఫోటో, అదీ మసకగా. అదెప్పుడు వెళ్ళిపోయిందో కూడా తెలియదు. నేను మాత్రం రేపు కనబడుతుందేమోనని కూర్చుంటూనే ఉన్నాను.

ఆ రోజుల్లోనే మొదలైంది. పొద్దున్న హుషారుగా ఉండేదాన్ని. మధ్యాహ్నం దాటాక ఒళ్ళు బరువెక్కేది. సాయంత్రానికి చలి, జ్వరం, గుండె మీద ఎవరో చెయ్యి పెట్టి నొక్కుతున్నట్టు బిగువు. తెల్లారేసరికి మళ్ళీ మామూలే. మొదట్లో నా మీద నాకే అనుమానం వచ్చింది, బడి నుంచి వచ్చాక పని తప్పించుకోవడానికి నా ఒళ్ళే వేషం వేస్తోందా అని.

డిసెంబరు

తొమ్మిదో తరగతిలో పద్యం చదువుతున్నాను. ఒక పాదం పూర్తి చేసి రెండో పాదంలో సగంలో ఉండగా ఊపిరి అయిపోయింది. అందలేదు అనడం కాదు, అయిపోయింది. పిల్లలు నేను కావాలనే ఆగాననుకుని మిగతా పాదం వాళ్ళే అందుకున్నారు. నేను బల్ల పట్టుకుని నిలబడి, వాళ్ళ గొంతుల కింద నా దగ్గు దాచుకున్నాను.

ఊళ్ళో డాక్టరు ఇచ్చిన మందులు పనిచేయలేదు. నేను చిక్కిపోతున్నానని చీర కుచ్చిళ్ళు చెబుతున్నాయి. అప్పుడు ఊళ్ళో ఆ మాట పుట్టింది. నా ముందు ఎవరూ అనలేదు. నేను స్టాఫ్ రూములోకి వెళ్తే కిటికీ తలుపులు తెరుచుకునేవి. ముందు బెంచీలో కూర్చునే అమ్మాయి వెనక బెంచీకి మారింది. అడిగితే, "అమ్మ మారమన్నాదండి" అని తలొంచుకుంది.

ఇంటికొస్తే పార్వతి టీ ఇచ్చింది. గ్లాసు అడుగున ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క ఉంది.

"ఇదేటి పార్వతీ?"

"ఏటీ లేదక్కా. నీ గళాసు ఏరే పెట్టేను. ఏటనుకోకు, పిల్లలున్నారు కదా."

ఏమీ అనుకోనని చెప్పాను. అనుకున్నాను. ఆ చుక్క గోరుతో గీకితే పోలేదు.

శ్రీకాకుళంలో కళ్ళె పరీక్షకిచ్చి ఫలితం కోసం వరండాలో కూర్చున్నాం. నేను దగ్గినప్పుడల్లా బల్ల మీద జనం కొంచెం కొంచెం జరిగేవాళ్ళు. చివరికి బల్లంతా నాదే అయింది. అప్పుడు మెళ్ళో నల్లపూసలున్న ఒక పెద్దావిడ, సముద్రం వైపు మనిషిలా ఉంది, లేచి వచ్చి సరిగ్గా నా భుజానికి భుజం ఆనించి కూర్చుంది. కొంగుముడి విప్పి అల్లం ముక్క నా చేతిలో పెట్టింది.

"నమలు తల్లీ. ఆలు జరిగితే జరగనీ. నాకు చోటు దొరికినాది."

టీబీ కాదని తేలింది. ఆ చీటీ చూపించినా బడిలో కిటికీలు తెరుచుకుంటూనే ఉన్నాయి. ఆవిడ ఎవరో, ఏ ఊరో అడగనే లేదు. అల్లం ఘాటు మాత్రం నాలుక మీద ఇప్పటికీ ఉంది.

ఫిబ్రవరి

విశాఖపట్నం ఆస్పత్రిలో స్కానింగు తీశారు. ఊపిరితిత్తుల్లో అద్దం మీద ఆవిరి పట్టినట్టు మసక ఉందన్నారు. అది దేనివల్లో తేల్చాలట. ఒక కుర్ర డాక్టరు ప్రశ్నలు అడిగాడు. సిగరెట్టా, కట్టెల పొయ్యా, ఏదైనా ఫ్యాక్టరీనా? అన్నిటికీ లేదన్నాను.

"ఇంట్లో పావురాలు, పక్షులేమైనా పెంచుతారా?"

నేను నోరు తెరిచేలోపు బావ అందుకున్నాడు. "పెంచడం కాదు సార్, పెద్ద సంతే ఉన్నాది. పొద్దున్న లేస్తే పిట్టలే. ఆటికి నీళ్ళు, ఆటికి పళ్ళు. తిండైనా మానేస్తాది గానీ ఆటిని మానదు."

డాక్టరు తల పంకించి, కొందరికి పిట్టల ఈకల పొడి, రెట్టల పొడి పడదనీ, ఊపిరితిత్తులు వాచిపోతాయనీ చెప్పాడు. "ప్రస్తుతానికి దూరంగా ఉండండి" అన్నాడు. వాపు తగ్గడానికి మాత్రలు రాశాడు.

బస్సులో నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. నా భర్త నా మీద సాక్ష్యం చెప్పినట్టనిపించింది. ఆయన ముఖంలో నాకు కనబడినది బాధ కాదు, హమ్మయ్య అన్న తేలిక. దొంగ దొరికాడన్న తేలిక.

మార్చి

కొన్నాళ్ళు ఇంటికి దూరంగా ఉండమని నన్ను కళింగపట్నంలో మా చెల్లెలు సుజాత ఇంటికి పంపించారు. వాళ్ళ వీధిలో చేపలు ఎండబెడతారు. ఆ వాసనలో, ఆ ఉప్పుగాలిలో ఊపిరి ఇంకా బిగుస్తుందని భయపడ్డాను. చిత్రంగా వారం తిరగకుండానే జ్వరం ఆగింది. ఇసకలో నడిచి పడవల దాకా వెళ్ళి రాగలిగాను. మాత్రల వల్లా, దూరం వల్లా? ఎవరూ చెప్పలేరు. నేను కోలుకున్న కొద్దీ పిట్టల మీద నేరం రుజువవుతున్నట్టే ఉంది. బాగుపడుతున్నందుకు సంతోషించలేని మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు, అద్దంలో చూశాను.

ఇంకో అనుమానం కూడా పెరిగింది. బావ ఫోన్ చేస్తే సుజాత పెరట్లోకి వెళ్ళి మాట్లాడేది. ఒకసారి తలుపు చాటున నిలబడి విన్నాను.

"అక్కకి సెప్పనులే బావా. ఒచ్చాక సూసుకుంటాది. ఇప్పుడు తెలిస్తే తట్టుకోలేదు."

స్కానింగులో మసక అన్నది మసక కాదన్నమాట. నాకు చెప్పనిది ఇంకేదో ఉంది. ఆ రోజు నుంచి సుజాత ముఖం చదవడమే నా పని. అన్నంలో ఇంకో గరిటె నెయ్యి వేస్తే, చివరి రోజులని వేస్తోందనుకున్నాను. నవ్వితే, ఏడుపు దాచుకుంటోందనుకున్నాను. నేరుగా అడిగే ధైర్యం మాత్రం లేదు.

వాళ్ళు దాచినదేమిటో ఇంటికొచ్చిన రోజే చూశాను. పెరడు బోడిగా ఉంది. జామచెట్టు మొదలంటా నరికేశారు. బొప్పాయిలు లేవు. మందారం లేదు. మూకుడు, చిల్లు కుండ, కంకుల కుచ్చు ఏవీ లేవు. ఎండ నేరుగా నేల మీద పడుతోంది.

బావ నా వెనక నిలబడ్డాడు. "నువ్వు బతకాలే. చెట్లు మళ్ళీ ఏసుకోవచ్చు."

నేను అరవలేదు. పిచ్చిదానిలా నవ్వొచ్చింది. ఇదా, వీళ్ళు నాకు చెప్పకుండా దాచింది ఇదా, చావు కాదా అని. ఆ తరవాత కూర్చుని ఏడ్చాను.

ఏప్రిల్

అందరికీ చెప్పాల్సింది ఈ నెల సంగతే.

పిట్టలు లేవు. చెట్లు లేవు. నేను మాత్రలు వేసుకుంటున్నాను. అయినా మళ్ళీ సాయంత్రం చలి మొదలైంది. మళ్ళీ అదే బిగువు. వంటగది నుంచి పడగ్గదికి నడిస్తే గోడ పట్టుకోవాలి.

బావ గింగిరాలు తిరిగిపోయాడు. ఒకరోజు షాపు నుంచి వచ్చి, నా నుదురు చూసి, చెయ్యి విసురుగా తీశాడు.

"పిట్టలు ఎల్లిపోనాయి. మరి జొరం ఎందుకొస్తన్నాది? నాకు తెలీకండా ఎక్కడో గింజలేస్తన్నావు."

"ఎక్కడ ఏస్తన్నాను? నేల సూడు బావా. ఒక్క రెట్టయినా ఉన్నాదేటి?"

"మరి పొద్దున్నే పెరట్లోకెందుకు ఎల్తన్నావు? పార్వతి సూసినాదంట."

పార్వతి చూసిందట. అంటే నా మీద కాపలా కూడా ఉందన్నమాట. నేను వెళ్తున్నది నిజమే. గింజలు వేయడానికి కాదు. అలవాటైన చోటులో, ఆ సాలలో, గోనెపట్టా వెనక కాసేపు కూర్చోడానికి. ఎదురుగా ఖాళీ నేల. ఏదైనా వచ్చి వాలుతుందేమోనని. ఏదీ వాలేది కాదు. పరామర్శకి వెళ్ళినట్టు వెళ్ళి వచ్చేదాన్ని. ఇది బావకి చెబితే నవ్వుతాడనిపించి చెప్పలేదు. చెప్పకపోయేసరికి ఆయన అనుమానం గట్టిపడింది. నా వైపు నుంచి చూస్తే, ఈయనకి డాక్టరు నిజంగా ఏం చెప్పాడోనన్న అనుమానం. ఒకే మంచం మీద ఇద్దరు గూఢచారుల్లా పడుకునేవాళ్ళం.

మే

విశాఖపట్నంలో ఈసారి పెద్ద డాక్టరుగారి దగ్గరికి పంపారు. యాభై దాటిన ఆడమనిషి. గదిలోకి వెళ్ళగానే బావ మొదలుపెట్టాడు. "మేడం, ఈవిడ పిట్టల్ని మానలేదు."

"మానాను. ఆయనే చెట్లు కూడా నరికేశారు" అన్నాను.

ఆవిడ మా ఇద్దర్నీ చూసి కలం కింద పెట్టారు. "ఏ పిట్టలు? నాకు చూపించండి" అన్నారు.

నాకు అర్థం కాలేదు. చెవులు సరిగ్గా విన్నాయా అనుకున్నాను. ఫోన్లోకి ఎక్కించుకున్న ఫోటోలు తీశాను. ఆవిడ ఒక్కొక్కటే జరుపుతూ పోయారు. "అబ్బ, ఇదేంటి?" అన్నారు వంగపండు పిట్ట దగ్గర. ఆ ఒక్క "అబ్బ"తో నా భుజాలు ఇంత కిందికి దిగాయి. ఇన్ని నెలల్లో ఆ పిట్టల్ని నేరస్థుల్లా కాక పిట్టల్లా చూసిన మొదటి మనిషి ఆవిడ.

ఒక ఫోటో దగ్గర ఆగిపోయారు. అది నాకు చాలా ఇష్టమైనది. సాల లోపలి నుంచి తీసింది. గోనెపట్టా అంచు, దాని పక్క నుంచి ఏటవాలుగా పడుతున్న పొద్దుటి ఎండ, దూరంగా కొమ్మ మీద పికిలిపిట్ట. ఆవిడ పికిలిపిట్టని వదిలేసి ఎండ పడుతున్న మూలని వేళ్ళతో పెద్దది చేశారు.

"ఇదేమిటి, పొగా?"

"కాదండీ. ధూళి. ఎండలో అలా తేలుతుంది, అందంగా ఉంటుందని..."

"ఎక్కడ కూర్చుని తీశారు?"

"గడ్డి సాలలో."

"గడ్డి తడిసిందా ఎప్పుడైనా?"

నేను బావ వైపు చూశాను. బావ నా వైపు చూశాడు. "తుపానుకి తడిసినాది మేడం. తడిదే లోపలెట్టినారు" అన్నాడు మెల్లగా.

అప్పుడు ఆవిడ నిదానంగా విడదీసి చెప్పారు. తడిసిన గడ్డి గాలాడక బూజు పడుతుంది. కదిపినప్పుడల్లా ఆ బూజు పొడిలా లేస్తుంది. అది పీల్చిన కొన్ని గంటలకి కొందరికి ఇలాగే చలి, జ్వరం, ఊపిరి బిగువు. రోజూ పీలుస్తుంటే లోపల మచ్చ కడుతుంది. కళింగపట్నంలో ఎందుకు తగ్గిందో, పిట్టలు లేకపోయినా ఇంట్లో ఎందుకు తిరగబెట్టిందో అంతటితో తేలింది. పిట్టల్ని కూడా పూర్తిగా వదిలేయకుండా రక్తపరీక్ష రాశారు. అది వచ్చాక అనుమానం గడ్డి మీదే గట్టిపడింది.

"అందరూ నన్ను పిట్టల గురించే అడిగారండీ. ఎక్కడ కూర్చుంటావని ఒక్కరూ అడగలేదు" అన్నాను.

"మీరూ చెప్పలేదు కదమ్మా" అన్నారావిడ.

నిజమే. నాకది చెప్పాల్సిన సంగతని తోస్తే కదా.

ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు కోసం కూర్చున్నాం. బావ చేతులు చూసుకుంటూ అన్నాడు, "ఆ జామచెట్టు అమ్మ నాటినాది." ఆయన చేతి మీద చెయ్యి వేశాను. కొంత కోపం ఇంకా ఉంది, అది దాచను.

జూన్

గడ్డి తీసేయించాలి, లేదా నేను ఇల్లు వదలాలి. ఈ మాట చెప్పడానికి బావ తమ్ముడి దగ్గరికి వెళ్ళాడు. నేను వంటగది కిటికీలోంచి వింటున్నాను.

లక్ష్మున్నాయుడు ముందు నవ్వాడు. "మా తాత గడ్డిలోనే పుట్టినాడు, గడ్డిలోనే పోయినాడు. ఎవుడికి రోగం వచ్చినాదేటి?"

"అందరికీ రాదంటరా. కొందరికే పడదంట."

"మొన్న పిట్టలన్నావు, చెట్లు కొట్టీసినావు. ఇప్పుడు గడ్డంతన్నావు. రేపు ఆవులంతావు." ఇక్కడ అతని గొంతు మారింది. "అన్నా, సాల కావాలంటే సాల కావాలని అడుగు. పెద్దమనుషుల్ని కూకోబెట్టి వాటాలేసుకుందాం. వదిన రోగం పేరెట్టి అడగడం ఏటి?"

బావ ఏమన్నాడో వినబడలేదు. తరవాత పార్వతి గొంతు పైకి లేచింది. "అయినా ఆ గుడ్డెనక కూకోమని అక్కకి ఎవులు సెప్పినారు? బోరింగు కాడ నీళ్ళోసుకుంటంటే అటే తిరిగుంతాది ఆ కెమేరా. వీధిలో ఆడోళ్ళు ఏటంతన్నారో తెల్సా?"

నీళ్ళ మూకుడూ బోరింగూ ఒకే వైపు. అది నాకెప్పుడూ తట్టలేదు. గ్లాసు మీద ఎర్రచుక్క, నా మీద కాపలా, అన్నిటికీ రోగభయం ఒక్కటే కారణమనుకున్నాను. దాని కింద ఇది కూడా ఉందన్నమాట. నేను సాలలో కూర్చుని పిట్టల్ని చూస్తున్నాననుకుంటుంటే, పార్వతి బయట నిలబడి తననే చూస్తున్నాననుకుంది.

మర్నాడే కళింగపట్నం వెళ్ళిపోయాను. గడ్డి సాలలోనే ఉంది. ఆ రోజులు ఆస్పత్రి రోజులకంటే బరువుగా గడిచాయి. రోగానికి పేరు తెలిసింది, విరుగుడు తెలిసింది, అయినా ఇంటికి పోలేను. ఒక మనిషి నమ్మకపోతే డాక్టరు రాసిన కాగితం కూడా మామూలు కాగితమే. బావ రెండు పొయ్యిల మధ్య నలిగిపోతున్నాడని ఆయన ఫోన్లో మాట్లాడే మాటల మధ్య ఖాళీలు చెప్పేవి. బడులు తెరిచారు. నేను సెలవు పొడిగించుకున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం సుజాత వీధి తలుపు తీసి, "అక్కా, మీ పార్వతి" అంది.

పార్వతి ఒక్కతే బస్సెక్కి వచ్చింది. చేతిలో స్టీలు క్యాను. చెమటతో జాకెట్టు తడిసిపోయింది. నేను లేచి నిలబడ్డాను. దేనికొచ్చిందో అని ముఖం చూశాను. ఆమె కూడా నా ముఖం అలాగే చూస్తోంది.

"జున్నక్కా. ఎర్రావు ఈనినాది" అని క్యాను కింద పెట్టింది. కూర్చోమన్నాక కూర్చుంది. మంచినీళ్ళు తాగి అంది, "గడ్డంతా పొలంలోకి తోలించీసేను. సాల కడిగించేను. సున్నం కొట్టించేను."

"మరిది ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకోడానికి ఆయనకేటి తెలుసు. గడ్డేసేది నేను, పాలు పితికేది నేను. కింద గడ్డి తీసినానక్కా, తెల్లగా ఉన్నాది. పంగల కర్రతో ఎత్తితే పొగలాగ లేచినాది. ఆవులు ఎన్నాళ్ళనుండో దాన్ని మూతి పెట్టి వదిలేస్తన్నాయి. ఆటికి పొగరు అనుకున్నాను." చీర చెంగుతో మెడ తుడుచుకుంది. "నాకూ గొంతు పట్టీసినాది రెండ్రోజులు. అప్పుడనుకున్నాను, అక్క ఇందులో ఎలాగ కూకున్నాదిరా నాయనా అని."

థాంక్స్ అనే మాట మా మధ్య ఎప్పుడూ లేదు. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె చెయ్యి లాక్కోలేదు, కానీ వదులుగా కూడా ఉంచలేదు.

"ఒకటడుగుతాను. నిజం సెప్పాల."

"అడుగు."

"ఆ కెమేరాలో నేనున్నానేటి?"

నేను లోపలికి వెళ్ళి కెమెరా తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాను. ఏ బటను నొక్కితే ముందుకి పోతుందో చూపించాను. "అన్నీ సూసుకో. నేను ఏదీ సెరిపీలేదు."

పార్వతి చూడటం మొదలుపెట్టింది. బియ్యంలో రాళ్ళు ఏరినంత శ్రద్ధగా చూసింది. గోరింక వెనక వెతికింది. గువ్వల పక్కన వెతికింది. మూకుడు వెనక మసకగా ఉన్న చోట, కెమెరాని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని వెతికింది. సుజాత టీ పెట్టి తెచ్చింది. టీ చల్లారిపోయింది. నేను గోడకి ఆనుకుని, ఆమె ముఖంలో ఎక్కడైనా కోపం వస్తుందేమోనని చూస్తూ కూర్చున్నాను.

చివరి ఫోటో అయిపోయాక కెమెరా దించింది. ముఖంలో కోపం లేదు. ఇంకేదో ఉంది.

"ఒక్క దాన్లో కూడా నేను లేనక్కా."

"సూసినావు కదా."

"పొద్దున్న పేడెత్తినకాడినుండి పొద్దోయే దాకా ఆ పెరట్లోనే కదా ఉంతాను." కెమెరా నా చేతికిచ్చింది. "పిట్టకి నీళ్ళు అయిపోతే పోసింది కూడా నేనే, నువ్వు బడికెల్లినప్పుడు. కాకులొస్తే తోలినాను. ఇన్నేళ్ళలో ఒక్క దాన్లో కూడా లేను."

నాకు ఆ నీళ్ళ సంగతి తెలియదు. మూకుడు ఎప్పుడూ నిండుగా ఉండేది, నేను చిల్లు కుండ గొప్ప అనుకున్నాను.

"ఇప్పుడు తీయనా?" అన్నాను.

"ఓలమ్మ! ఈ ముఖంతోనేటి" అంటూనే లేచింది. సుజాతని దువ్వెన అడిగింది. నూతి దగ్గర ముఖం కడుక్కుని, బొట్టు సరిచేసుకుని, చీర కుచ్చిళ్ళు దులుపుకుని వచ్చి అరుగు మీద గోడ ముందు నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చివరికి జున్ను క్యాను పట్టుకుంది.

"నవ్వాలేటి?"

"నీ ఇష్టం."

నవ్వలేదు. సూటిగా కెమెరాలోకి చూసింది. సముద్రం గాలికి జుట్టు ముఖం మీదికి వస్తుంటే తోసుకుంది. బాగా తీస్తానో లేదోనన్న అనుమానం ఆ కళ్ళలో అప్పటికీ ఉంది.

కెమెరా కదలకుండా ఉండాలంటే బటను నొక్కే ముందు ఊపిరి బిగబట్టాలి. ఎన్నో నెలలుగా నాకు ఆ కాస్త ఊపిరి లేదు. గుండెల నిండా గాలి పీల్చి ఆపాను. దగ్గు వస్తుందేమోనని ఎదురుచూశాను. పార్వతి కదలకుండా నిలబడి ఉంది. దగ్గు రాలేదు. నొక్కాను.